ఢిల్లీకి నాలుగు దినాల కాయ

లింగంపల్లి స్టేషన్లో టికెట్ గుమాస్తాగా చేరిన మొదటి వారంలోనే కిష్టమ్మతో నాకు గొడవైంది. తప్పు నాదేనని ఇప్పుడంటే ఒప్పుకుంటాను. అప్పుడు ఆ మాట ఎవరైనా అని ఉంటే వాళ్ల మీదికి కూడా లేచేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయసు, ఉర్దూలో మెట్రిక్ పాసు, ఒంటి మీద రైల్వే కోటు. ఇక ఈ రామచంద్రం కాళ్లు నేల మీద ఆనుతాయా!

ప్లాట్‌ఫారం చివర ఆమె నాలుగు గంపల సీతాఫలాలు వరసగా పెట్టుకుని కూర్చునేది. నేను దర్జాగా పోయి చివరి గంపలో ఉన్న పెద్ద కాయ మీద చెయ్యి వేశాను. ఆమె నా చెయ్యి మీద ఫట్టున ఒక్కటిచ్చింది.

“అది బొంబాయోళ్లది. ముట్టకు.”

“బొంబాయి వాళ్లెవరు? ఇక్కడ నేను తప్ప పురుగు లేదు!”

“బండి రాలే గద ఇంకా. వస్తరు. నువ్వెటు పోతున్నవు?”

“ఎటూ పోను. ఇక్కడే తింటా.”

“అట్లయితే గిది నీది” అని మొదటి గంపలోంచి, చిలుక పొడిచి ఒక పక్క పగిలిన పండు తీసి నా చేతిలో పెట్టింది. రైల్వే కోటు వేసుకున్నవాడికి చిలుక ఎంగిలి! ఒళ్లు మండిపోయింది. పండు తిన్నాక కొంచెం చల్లబడ్డాను, అది వేరే సంగతి.

ఆమె పద్ధతి అర్థం కావడానికి నాకు ఆ సీజనంతా పట్టింది. కొండాపూర్ చుట్టూ ఉన్న గుట్టల్లో, రాళ్ల సందుల్లో, సీతాఫలం చెట్లు ఎవరూ నాటకుండానే మొలిచి కాసేవి. కాయ మీద కన్నులు విచ్చిన తీరు చూసి, అది ఎన్నో రోజుకు పండుతుందో కిష్టమ్మ చెట్టు దగ్గరే తేల్చేది. నాలుగు గంపలంటే నాలుగు దూరాలు. మొదటిది అక్కడికక్కడ తినేవాళ్లకు. రెండోది వికారాబాద్, తాండూరులో దిగేవాళ్లకు. మూడోది గుల్బర్గా దాకా పోయేవాళ్లకు. నాలుగోది బొంబాయికి, రెండు దినాల కాయ. బండి ఆగగానే కిటికీ దగ్గరికి పోయి, ముందు “ఏడ దిగుతరు?” అని అడిగేది. ఏ గంపలోంచి తీయాలో కొనేవాళ్లు చెప్పడానికి వీల్లేదు. ఒకసారి ఒక పెద్దమనిషి వికారాబాద్‌లో దిగేవాడు, కాయలు పెద్దగా ఉన్నాయని బొంబాయి పోతున్నానని అబద్ధమాడాడు. పక్కవాడు నవ్వాడు. కిష్టమ్మ కదిలే బండి వెంట ఉరికి, కిటికీలోంచి కాయలు లాక్కుని, పండ్లు విసిరేసి వచ్చింది.

“కాయలు దీస్కపోయి ఇంట్ల పెట్టి, పండలేదని నన్ను తిడ్తడు గద!” అని రొప్పుతూ కూర్చుంది.

నాకేమో ఈ లెక్క గిట్టేది కాదు. దూరాన్ని మైళ్లలో చెప్పాలి. నా దగ్గర రైల్వే టైం టేబులూ, బడిలో బహుమతిగా వచ్చిన ఒక అట్లాసూ ఉండేవి. ఆ రెండూ ఉన్న మనిషికి తెలియనిది ఉండదని నా నమ్మకం. “బొంబాయి రెండు దినాలంటే ఏంది కిష్టమ్మా? నాలుగు వందల తొంభై మైళ్లు. అట్ల చెప్పాలె” అని రోజూ చెవిలో పోరు పెట్టేవాణ్ణి.

“మైళ్లేమన్న పండుతయా సారూ?” అనేది. హమాలీలందరూ పగలబడి నవ్వేవాళ్లు.

ఇప్పుడు ఆ గుట్టల మీద అద్దాల మేడలు లేచాయి. మా మనుమరాలు వాటిలో ఒకదాంట్లో పని చేస్తుంది. ఏ రెండు ఊళ్ల పేర్లు కొట్టినా వాటి మధ్య దూరమెంతో, విమానం ఎన్ని గంటల్లో పోతుందో ఆ పిల్ల కంప్యూటర్ రెప్పపాటులో చెబుతుంది. మైళ్లూ గంటలూ పక్కపక్కనే కనబడతాయి. అవి పక్కపక్కన ఉండటం ఎంత అవసరమో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కిష్టమ్మకు ఈ లోకంలో ఉన్నదల్లా తమ్ముడు ఎల్లేశం. అమ్మానాయనలు ఒక్క వారంలో గత్తరకు, అంటే కలరాకు, పోయారు. వాడికప్పుడు నాలుగేళ్లు, ఆమె కొత్తగా కాపురానికి పోయిన పిల్ల. తమ్ముణ్ణి ఎవరికైనా ఇచ్చెయ్యమని మొగుడన్నాడు. ఆమె తమ్ముణ్ణి చంకనేసుకుని, మొగుణ్ణే వదిలి కొండాపూర్ వచ్చేసింది. “వాణ్ణి ఇడిసిపెడితే నా అసుంటిది ఇంకోతి దొరుకుతదా వానికి? ఈ మొగనికైతే దొరుకుతది” అని నాతో ఒకసారి చెప్పింది. చెబుతూ నవ్వింది కూడా. వాణ్ణి ఎత్తుకునే గుట్టలెక్కి కాయలు కోసింది. వాడు పెద్దవాడై ఒక ఇంజనీరు దొర దగ్గర వంటకు కుదిరాడు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఆ దొరకు ఢిల్లీ బదిలీ అయితే, వాడూ వెంట పోయాడు.

ఆ ఏడు అక్టోబరులో, ఒక శనివారం, కిష్టమ్మ గంపలు లేకుండా వచ్చింది. చేతిలో జాబు ఉంది. ఇంజనీరు దొర ఉర్దూలో రాశాడు. నేను చదివి తెలుగులో చెప్పాను. ఎల్లేశానికి కడుపులో గడ్డ లేచింది. పెద్ద దవాఖానలో చేర్పించారు. బుధవారం పొద్దున ఆపరేషన్. బతుకుతాడని డాక్టర్లు మాట ఇవ్వడం లేదు. నోటికి ఏదీ సయించడం లేదనీ, కొండాపూర్ గుట్ట మీది సీతాఫలం తినాలని ఉందనీ వాడు పదే పదే అడుగుతున్నాడట. మెత్తటి పండు గనక మంగళవారం రాత్రి వరకు తినవచ్చని డాక్టర్ ఒప్పుకున్నాడట.

ఆమె ఏడవలేదు. “బుధవారం లోపల వాని నోట్లె నా పండు పడాలె సారూ. ఆఖరుకు ఏమైతదో ఏమో. అడిగింది పెట్టకుండ పంపుతనా వాణ్ణి?” అంది.

టైం టేబుల్ తీశాను. కాజీపేటలో బండి మారాలి. వెయ్యి మైళ్లు పైమాటే. ఎట్లా తిప్పి లెక్కేసినా పార్సిల్ బుధవారం మధ్యాహ్నానికి గానీ వాడి మంచం దగ్గరికి చేరదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండు రోజులు ఆమె స్టేషన్లోనే తిరిగింది.

సోమవారం పొద్దున వికారాబాద్ వకీలు వెంకటనారాయణ గారు పట్నం పోతూ బండి దిగారు. భారీ మనిషి, సీతాఫలమంటే ప్రాణం. ఆ రోజు మాత్రం చెయ్యి అడ్డంగా ఊపారు.

“ఇయ్యాల వద్దు కిష్టమ్మా. రేపు పొద్దున ఢిల్లీ పోతున్న. బేగంపేటల విమానం ఎక్కాలె.”

నేను టికెట్ల కిటికీ మూసేసి బయటికి ఉరికాను. కిష్టమ్మ అప్పటికే ఆయన కాళ్ల దగ్గర ఉంది. సంగతంతా విని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “గిదేం పెద్ద పని? దవాఖానకు నేనే పోయి నా చేత్తోని ఇస్త. సాయంత్రానికి గంప నాంపల్లిల మా ఇంటికి చేర్చు రామచంద్రం” అని బండెక్కారు.

బండి కదలగానే కిష్టమ్మ నా వెంట ఆఫీసు గదిలోకి వచ్చింది. మూడేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగింది.

“మొగులు మీది తొవ్వ ఎంత దూరముంటది సారూ? నీ మైళ్లల్లనే చెప్పు. నాకు ఆ తొవ్వ ఎర్కలేదు.”

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ కష్టకాలంలో కూడా నేను గెలిచానని సంతోషించాను. అట్లాసు తెరిచాను. ఒక దారం తీసి ఒక కొస హైదరాబాదు మీద, రెండో కొస ఢిల్లీ మీద పెట్టి బిగించి పట్టుకున్నాను. ఆమె వంగి చూసింది. వేలు పెట్టి దారం పొడుగునా మెల్లగా రాసింది.

“గింతేనా? నా జానెడు గూడ లేదు. గీడ వాడు, గీడ నేను. మరి కనబడడేంది సారూ?” అంది. అంటూనే కళ్లు తుడుచుకుంది.

ఆ దారాన్ని కొలబద్ద మీద పెట్టి లెక్కగట్టాను. “ఏడు వందల ఎనభై మైళ్లు!” అని ప్రకటించాను.

“బొంబాయి ఎంతంటివి?”

“నాలుగు వందల తొంభై.”

ఆమె వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది. తలూపింది. చీర కొంగు నడుముకు చుట్టి గుట్టల వైపు దాదాపు పరుగెత్తింది.

ఆమె పోయాక నేను ఊరుకున్నానా? పెన్సిలు తీశాను. విమానం గంటకు నూటయాభై మైళ్లు పోతుందనుకుంటే అయిదు గంటల పన్నెండు నిమిషాలు. మధ్యలో రెండు చోట్ల దిగి లేవడానికి గంటన్నర. మొత్తం ఆరు గంటల నలభై రెండు నిమిషాలు. ఎంత ముచ్చటేసిందో! స్టేషన్ మాస్టరుకు చెప్పాను. హమాలీలకు చెప్పాను. సాయంత్రం నాంపల్లిలో వకీలు గారికి చెబితే ఆయన భుజం తట్టారు. చెప్పాల్సిన మనిషికి తప్ప అందరికీ చెప్పాను.

కిష్టమ్మ తెచ్చిన గంప నిండా ఆకులు పరిచి, పైన గుడ్డ కప్పి, చుట్టూ దబ్బనంతో కుట్టేసి ఉంది. లోపల ఏమున్నాయో నేను చూడలేదు. చూడాల్సిన పనేముంది? కాయల సంగతిలో ఆమెకు చెప్పేంతవాణ్ణా?

మంగళవారం సాయంత్రం అయిదింటికి ఆమె స్టేషనుకొచ్చింది. మొహం కొంచెం తేటపడింది. నేను గోడ గడియారం చూసి, పెళ్లిపెద్దలాగా అన్నాను.

“ఫికర్ చెయ్యకు కిష్టమ్మా. ఈపాటికి గంప నీ తమ్ముని చేతిల ఉంటది. పండు నోట్ల కూడ పడి ఉంటది.”

ఆమె నవ్వింది, నేనేదో పరాచికమాడానని. “ఏం పండు సారూ? ఇంక మూడు దినాలున్నది గద.”

“మూడు దినాలేంది? పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దిగిండు వకీలు సాబ్. ఏడు గంటల ప్రయాణం గూడ కాదు!”

ఆమె నేల మీద చతికిలబడింది.

“అయ్యో సారూ! నాలుగు దినాల కాయలు పంపితి గద! బొంబాయికి రెండు దినాలు. దానికంటె ఎంతో దూరమంటివి. ఆ మొగులు బండి సూస్తేనేమో గుట్ట మీదికెల్లి ఎంత మెల్లగ పోతది! మన మెయిలు గిట్ల కన్ను మూసి తెరిచెతందుకు టేషన్ దాటుతది. గది మాత్రం ఈ కొసకెల్లి ఆ కొసకు పోనీకె నా కాయ కోసుడే అయిపోతది. ఎంత ఎక్కువ జూస్తే గన్ని దినాలనుకున్న. బుధారం లోపల అందకపాయె, కోసినంక కండ్లు తెరిస్తెనన్న తింటడనుకున్న. శుక్రారం పండుతయి సారూ అవి, శుక్రారం! బుధారం వాణ్ణి కోస్తరు!”

బుధవారం అనే మాట ఆమె అన్నదే, నాకు చెప్పిందే. మైళ్లు చెప్పినవాణ్ణి గంటలు చెప్పడానికి ఏం రోగం? ఆమె చూసింది నిజమే, విమానం కింది నుంచి చూస్తే మెల్లగానే పోతుంది. అది ఎంత ఎత్తున పోతుందో నాకు తెలుసు, ఆమెకు తెలియదు. తెలిసినవాణ్ణి నోరు మూసుకుని పెన్సిలుతో ఆడుకున్నాను.

“మైళ్లు, మైళ్లని మూడేండ్ల సంది నన్ను సంపితివి. ఒక్కపారి నీ మాట ఇంటి. సూడు ఏమైందో!” అని ఆమె నెత్తి కొట్టుకుంది. తిట్టింది. నేను పడ్డాను. పడాల్సిందే.

“తంతి కొడతా కిష్టమ్మా, పొరపాటైందని.”

“ఏమని కొడతవు? మీ అక్క రాళ్లు పంపిందనా? వాడు వొత్తి సూసుకుంటడు, వానికే ఎర్కైతది.” కొంగు నోట్లో కుక్కుకుని లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె స్టేషనుకు రాలేదు. బండ్లు వచ్చేవి. కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి, సీతాఫలాల ఆమె ఏదని నన్నడిగేవాళ్లు. నార్సింగి వైపు నుంచి వచ్చేవాళ్లు గుట్టల మీద పండ్లు రాలిపోతున్నాయనీ, చిలుకలకే పండుగనీ చెప్పేవాళ్లు. నాకు అన్నం సయించేది కాదు. టపా సంచీ వచ్చినప్పుడల్లా ముందు నేనే పోయి వెతికేవాణ్ణి. ఢిల్లీ నుంచి జాబు లేదు. శుక్రవారం వచ్చినప్పుడు, అక్కడ ఆ గంపలో కాయలు పండి ఉంటాయని గుర్తొచ్చి, గదిలో కూర్చుని ఏడ్చాను. ఎవరి మంచం కింద, ఎవరి కోసం పండాయో తెలియదు.

పదో రోజు వెంకటనారాయణ గారు బండి దిగారు. ఆయన మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

“కిష్టమ్మ ఏది?” అన్నారు.

“రావటం లేదండి. ఊళ్లోనే…”

“నడువు.”

ఆ భారీ మనిషి మూడు మైళ్లు రాళ్లలో నడిచారు. రొప్పు వల్ల మాట రాలేదు, నాకు అడిగే గుండె లేదు. కొండాపూర్ మొదట్లో ఆమె గుడిసె కనబడింది. కిష్టమ్మ వాకిట్లో ఉంది. మేమిద్దరం కలిసి రావడం చూసి లేచి నిలబడింది. గుంజ పట్టుకుంది. ఆమె ఏమనుకుందో ఇద్దరికీ అర్థమైంది. వకీలు గారు ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అక్కడి నుంచే కేక పెట్టారు.

“బతికిండే కిష్టమ్మా! నీ తమ్ముడు బతికిండు!”

ఆమె గుంజ పట్టుకుని అట్లాగే జారి కూలబడింది. అప్పుడు ఏడ్చింది. అంత ఏడుపు అన్ని రోజులూ ఎక్కడ దాచిందో!

నీళ్లు తాగాక వకీలు గారు సంగతి చెప్పారు. మంగళవారం సాయంత్రం ఆయనే గంప కుట్లు విప్పారు. ఎల్లేశం ఒక కాయ తీసి బొటనవేలితో ఒత్తాడు. గట్టిగా ఉంది. ఇంకోటి ఒత్తాడు. పన్నెండూ ఒత్తాడు. “నాకు తలకాయ కొట్టేసినంత పనైంది. ఈ కాయల కోసమా ఇంత దూరం మోసుకొచ్చిన అనుకున్న” అన్నారాయన. ఎల్లేశం మాత్రం, రెండు రోజులుగా మాట్లాడనివాడు, నవ్వాడట.

“ఇవి శుక్రారం పండ్లు సారూ. మా అక్క లెక్క ఎన్నడు తప్పదు. బుధారం కోస్తరని దానికి ఎర్కే. అయినా శుక్రారం కాయలు పంపింది. అంటె నేను శుక్రారం ఉంటననే గద! నేనుంటనని అక్క అన్నదంటే ఉంట.”

గంప మంచం కింద పెట్టించి, ఎవరూ ముట్టవద్దని నర్సుకు చెప్పి, ఆ రాత్రి గుర్రు పెట్టి నిద్రపోయాడట. బుధవారం ఆపరేషన్ చేశారు. గురువారమంతా తెలివి లేదు. డాక్టరు ఆశ వదులుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం కళ్లు తెరిచి, వాడడిగిన మొదటి మాట, “పండినయా?” అని. పండాయి. తినడానికి వీల్లేదు కనక ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టారు. ఆదివారం ఒక చెంచాడు పెట్టారు.

“ఏం లెక్క కిష్టమ్మా నీది! ఏం లెక్క!” అని వకీలు గారు చేతులెత్తి మొక్కారు.

నా నోరు ఊరుకోదు కదా. తప్పుడు లెక్క వింటూ కూర్చోవడం నా వల్ల కాదు. “అసలేమైందంటే వకీలు సాబ్…” అని మొదలుపెట్టాను. కిష్టమ్మ నా వైపు చూసింది. నేను చెంబెత్తి ఇంకోసారి నీళ్లు తాగాను.

వకీలు గారు కాళ్లు కడుక్కోవడానికి లేచినప్పుడు, ఆమె నా పక్కకొచ్చి మెల్లగా అంది.

“జాబు రాయాలె సారూ. వానికి అసలు సంగతి చెప్పకు.”

“మరేం రాయాలె?”

“వాడు ఏమనుకున్నడో గదే రాయి. మీ అక్క కావాలనే శుక్రారం కాయ పంపిందని రాయి. ఇంకా ఎక్కువ దినాలు పట్టే కాయలు గూడ ఉన్నయని రాయి.”

రాశాను. మైలుకు మైలు లెక్క చూసే రామచంద్రం తెలిసి తెలిసి రాసిన అబద్ధం అది. ఆమె రెండుసార్లు చదివించుకుని విన్నది.

మూడు నెలల తర్వాత ఎల్లేశం వచ్చాడు. ఇక ఢిల్లీ పోలేదు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, అక్కతో పాటు గుట్టలెక్కాడు. కిష్టమ్మ ఇంకో ముప్ఫై ఏళ్లు అదే ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. నాకు ప్రమోషన్లు వచ్చి ఎక్కడెక్కడో పనిచేసి, మళ్లీ ఈ పక్కనే ఇల్లు కట్టుకున్నాను. కలిసినప్పుడల్లా నన్ను తిట్టేది. ఆ ఒక్క సంగతి మాత్రం మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు.

ఆమె పోయిన రోజు అందరూ వెళ్లిపోయాక ఎల్లేశం, నేను ఆమె కాయలు కోసిన గుట్ట దగ్గర మిగిలాం. వాడి తల కూడా నెరిసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

“నన్ను బతికించింది మా అక్క లెక్కనే సారూ. నువ్వు మొదటి సంది ఆమెను జూసినోనివి. నువ్వే చెప్పు, మా అక్క లెక్క ఎన్నడన్న తప్పిందా?” అన్నాడు.

“లేదు ఎల్లేశం. ఎన్నడూ తప్పలేదు” అన్నాను.